నిప్పుకోళ్ళ దగ్గర మామ పెట్టిన పరీక్ష

ఈ సంగతి మా మామ నలుగురిలో చెప్పేటప్పుడు వేరే విధంగా ఉంటుంది. ఆయన చెప్పేదానిలో నన్ను నిప్పుకోడి పొడుస్తుంది, నేను ఏడుస్తాను, ఆ ఉక్రోషంలో పెద్దా చిన్నా చూడకుండా నోరు జారుతాను. వినేవాళ్ళు నవ్వుతారు. నేను పక్కనే ఉన్నా అలా కాదని అనను. నలుగురిలో ఎదురు చెప్పడం నాకు చేతకాదు. రాయడం కాస్త చేతనవుతుంది కాబట్టి జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. నేను ఏడవలేదు.

మామ అంటే మా అమ్మకు అన్న. ఆత్మకూరులో ఉంటాడు, హైస్కూలు హెడ్మాస్టరు. మా బంధువుల్లో మొదట ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది ఆయనకే. మాలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ కూర్చుని పెట్టిన పద్ధతి కాదు గానీ అందరూ పాటిస్తారు. మొదట ఉద్యోగం తెచ్చుకున్నవాడి మాటే మిగతా ఇళ్ళన్నిటికీ చెల్లుతుంది. ఎవరికి ఏ ఆపరేషన్ ఎక్కడ చేయించాలి, ఎవరి పిల్లను ఏ కోర్సులో వేయాలి, మందిరానికి కొత్త మైకు సెట్టు కొనాలా పాతదే బాగు చేయించాలా, చివరికి ఎవరి చేలో బోరు ఎక్కడ వేయాలి అనేది కూడా ఆయన దగ్గరికి పోతుంది. బోరు గురించి మామకు ఏం తెలుసని చిన్నప్పుడు ఒకసారి నాయనను అడిగాను. "తెలిసి కాదులే. ఒక మాట వేసుకుంటే మంచిది గదా" అన్నాడు.

నాయనకు మర్రిపాడుకు ఇవతల మెట్టచేను ఉంది. కంది, సజ్జ వేస్తాడు. పని లేని రోజుల్లో లారీలకు లోడు ఎత్తడానికి పోతాడు. మామ దగ్గర ఒక మాట వేసుకోకుండా ఆయన దూడను కూడా అమ్మలేదు.

నాకు తిరుపతిలో ఎమ్మే తెలుగులో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. సోమవారం సాయంత్రంలోపు పోయి చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. వారం నుంచి అమ్మ మామకు ఫోన్ చేస్తోంది. ఆయన "చూద్దాం" అంటున్నాడు. చూస్తూ చూస్తూ శనివారం వచ్చింది. ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "రేపు ఆరాధన అయినాక అందరం ఆ ఆస్ట్రిచ్‌ల ఫారానికి పోదాం. కొత్త కారు తిప్పినట్టూ ఉంటది. పాప సంగతి అక్కడ కూచోని తేలుద్దాం."

మామకు అభ్యంతరం ఖర్చు గురించి కాదు, తెలుగు గురించి కూడా కాదు. నా నోరు గురించి. డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు ఆత్మకూరు నుంచి వస్తుంటే, బస్సు మా ఊరి దగ్గర ఆగలేదు. నిండా జనం. కండక్టరు ముందున్నాడు, నేను వెనక. "ఆపండి" అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. మర్రిపాడులో దిగాను. నాయన బైకు మీద వచ్చి తీసుకుపోయాడు, ఏమీ అనలేదు. కానీ ఆ సంగతి మామ చెవిన పడింది. అప్పటి నుంచి ఏ పెళ్ళిలో కనబడినా, ఏ ప్రార్థన కూడికలో కలిసినా, "ఏం పాపా, ఈసారి మీ ఊళ్ళోనే దిగినావా" అంటాడు. ఎమ్మే మాట ఎత్తగానే ఆయన అన్నది ఇదే. "బస్సు ఆపమని చెప్పలేని పిల్ల హాస్టల్లో ఉంటదా? ఆకలేసినా చెప్పదు, జొరమొచ్చినా చెప్పదు."

నేను మూగదాన్ని కాను. మా అవ్వతో గంటల తరబడి మాట్లాడతాను. అవ్వ అంటే అమ్మకూ మామకూ తల్లి. కొడుకు మేడమీద ఉండలేక మా ఇంట్లో ఉంటుంది. కొత్తవాళ్ళ ముందు, పదిమంది ముందు మాత్రం నాకు మాట రాదు. ఆత్మకూరు గ్రంథాలయంలో మూడేళ్ళు కూర్చున్నాను. అక్కడ ఎవరూ మాట్లాడమని అడగరు కాబట్టి నాకు ఆ ఊళ్ళో అదే సొంత ఇల్లులా ఉండేది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటికి ఆలస్యంగా వస్తే బస్సు దొరకలేదు అనుకునేవాళ్ళు.

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం బయటే కారు ఎక్కాం. అవ్వ ముందు సీట్లో, అమ్మా అత్తా నేనూ వెనక. మామ కారు నడుపుతున్నాడు. చోటు లేదు కాబట్టి నాయన బైకు మీద వెనక వస్తున్నాడు. అన్నం గిన్నెలు మా కాళ్ళ దగ్గర ఉన్నాయి. కోడికూర వాసన కారంతా నిండింది. అద్దాలు దించుదామంటే ఏసీ వేస్ట్ అవుతుందని మామ ఒప్పుకోలేదు.

"పిట్టల్ని చూసేదానికా అబ్బయా ఇంత దూరం?" అంది అవ్వ. "మన పక్క ఊళ్ళో పెంచలా అప్పట్లో? గిరాకీ లేక కొండలోకి తోలేసినారు గదా."

"అవి ఈమూలమ్మా. అక్కడ ఈమూలూ ఉండాయి, ఆస్ట్రిచ్‌లూ ఉండాయి. ఆస్ట్రిచ్ అంటే ఉష్ట్రపక్షి. ప్రపంచంలోకెల్లా పెద్ద పక్షి." మామ అద్దంలో నా వైపు చూశాడు. "పాపా, ఉష్ట్రం అంటే ఏంది? తెలుగు ఎమ్మే చేస్తానంటివే, చెప్పు."

నాకు తెలుసు. కానీ అడిగిన వెంటనే నోరు పెగల్లేదు. ఆయన ఇంకా అద్దంలోనే చూస్తున్నాడు.

"పిల్లను తర్వాత చూద్దురుగానీ, రోడ్డు చూడండి. లారీ వస్తా ఉండాది" అంది అత్త.

"చూసినావా అమ్మాయ్" అన్నాడు మామ మా అమ్మతో. "క్లాసులో మేష్టరు అడిగితే ఇట్టానే చూస్తా కూచుంటది."

"ఒంటె" అని నేను అనేసరికి వాళ్ళు టోల్‌గేటు గురించి మాట్లాడుకుంటున్నారు.

ఉదయగిరి కొండ కనబడే చోట రోడ్డు నుంచి లోపలికి మట్టిబాట ఉంది. రెండు వైపులా జామాయిల్ తోట. బాట చివర పచ్చ వల కప్పిన పందిళ్ళు, ఇనుప కంచెలు, పిల్లలకు ఉయ్యాలలు, ఫొటోలు తీసుకోవడానికి సిమెంటుతో చేసిన పెద్ద గుడ్డు. గుడ్డుకు ముందు వైపు పగిలినట్టు కన్నం ఉంది. అందులో కూర్చుని తల బయట పెడితే గుడ్డులోంచి వచ్చినట్టు ఫొటో పడుతుంది. మేం పోయేసరికి పెళ్ళయి మనవళ్ళున్న ఒక ఆయన దానిలో ఇరుక్కుని ఉన్నాడు, ఇంట్లోవాళ్ళు చేతులు పట్టి లాగుతున్నారు.

చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న ఒకామె మేత గిన్నెలు ఇస్తోంది. వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతోంది. "ఉంగరాలు, గాజులు తీసి లోపల పెట్టుకోండి, మెరిసేది కనబడితే పొడస్తాయి. అరచెయ్యి చాపి పెట్టండి. వేళ్ళు ముడిస్తే వేళ్ళే పొడస్తాయి. అరిచినా పరవాలేదు, వాటికి అలవాటే."

నిజంగానే అందరూ అరుస్తున్నారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. మొగుడో తమ్ముడో ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడతాడు. ఈమె చెయ్యి చాపుతుంది. పక్షి మెడ చాచగానే కెవ్వున అరిచి చెయ్యి లాక్కుంటుంది. మేత కింద పడుతుంది. అందరూ నవ్వుతారు. ఒక అతను భార్యతో, "నువ్వు ఇంకా కొంచెం అరువు, సౌండు సరిగ్గా రాలా" అని మళ్ళీ పెట్టించాడు. ఆమె మళ్ళీ పెట్టి ఈసారి ముందే అరిచింది.

అవ్వ గిన్నెలిచ్చే ఆమెను పట్టుకుంది. "మోకాళ్ళకు ఈమూ నూనె మంచిదంటగదమ్మా. ఒక సీసా ఉంటే ఇయ్యి."

"నూనె అమ్మం అవ్వా. ఇవి బతికుండేవి."

"బతికుంటే రాదా?"

"ఎట్టా వస్తది అవ్వా, చంపాల గదా" అని నవ్వి, ఆమె అవ్వ చెయ్యి పట్టుకుని ఒక మూలకు తీసుకుపోయింది. అక్కడ వేరే కంచెలో గడ్డి మీద ఒక ఈమూ కదలకుండా కూర్చుని ఉంది. "అది మగది. పొదగతా ఉండాది. ఆడది గుడ్డు పెట్టేసి పోతది. ఇది లేచిందాకా సరిగ్గా మేత కూడా ముట్టదు."

అవ్వ కంచె పట్టుకుని చాలాసేపు చూసింది. "మీ తాతను ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి ఉండాల్సింది" అంది నాతో.

అత్తా అమ్మా గుడ్డులో కూర్చుని ఫొటోలు తీసుకున్నారు. నాయన బైకు నీడలో పెట్టి వచ్చాడు. అందరం రేకుల పందిరి కింద సిమెంటు బల్లల మీద కూర్చున్నాం. మామ కర్చీఫుతో మెడ తుడుచుకుని, "ఊ, పాప సంగతి" అన్నాడు.

వారం నుంచి ఈ మాట కోసమే చూస్తున్నాను.

"నువ్వే చెప్పు పాపా. అక్కడ నీకు ఎవరుండారు? హాస్టల్లో రూములో నలుగురు ఉంటారు. వాళ్ళు నీ మంచం తీసుకుంటే ఏం చేస్తావు?"

నేను చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. మంచం తీసుకుంటే కింద పడుకుని చదువుతాను అనాలనిపించింది. అది సరైన జవాబు కాదనిపించి ఆగాను.

"ఇదే నేను చెప్పేది" అన్నాడు మామ అందరి వైపు తిరిగి. తర్వాత ఎదురుగా కంచె దగ్గర అరుస్తున్న వాళ్ళను చూశాడు. ఆయన ముఖంలో ఒక తమాషా ఆలోచన వచ్చినట్టు తెలిసింది. బడిలో పిల్లలకు ఆ ముఖం బాగా తెలిసి ఉంటుంది. "సరే, ఒక పని చెయ్. ఆ ఈమూకి చేత్తో మేత పెట్టు. అరవకుండా, చెయ్యి లాక్కోకుండా. పెట్టినావంటే రేపు పంపిస్తా. బావా, నువ్వు సాక్షి." ఆయన బావా అన్నది మా నాయనను.

"నిజంగానా అన్నా?" అంది అమ్మ. "పెట్టు పాపా, లెయ్."

అప్పుడు నాకు రెండు రకాలుగా అనిపించింది. రెండేళ్ళ ఎమ్మేకూ ఒక పక్షి మేతకూ ఏం సంబంధం అని ఒకటి. ఇంత తేలిగ్గా తెమిలిపోతుంటే పట్టుపట్టడం ఎందుకని ఇంకొకటి. రెండోది గెలిచింది. గిన్నె తీసుకున్నాను.

ఈమూ దగ్గరికి వచ్చి ముందు నన్ను ఒక కంటితో చూసింది, తర్వాత తల తిప్పి రెండో కంటితో చూసింది. దాని ఒంటి మీదవి ఈకల్లా లేవు, దువ్వని జుట్టులా ఉన్నాయి. గొంతులోంచి కుండ మీద అరచేత్తో కొట్టినట్టు ఒక చప్పుడు వస్తోంది. నోరు తెరవకుండానే. అది నాకు నచ్చింది. మొక్కజొన్న నూక అరచేతిలో పోసుకుని చెయ్యి చాపి పట్టుకున్నాను. ముక్కు తగిలినప్పుడు ఎవరో వేలి కణుపుతో తలుపు తట్టినట్టు ఉంది, అంతే. గింజలన్నీ అయిపోయేదాకా చెయ్యి అలాగే పెట్టాను.

వెనక్కి తిరిగితే అమ్మ ముఖం వెలిగిపోయి ఉంది. మామ చప్పట్లు కొట్టాడు.

"బాగుండాది. కానీ ఈమూ ఏంది, నాటుకోడికి పెద్దమ్మ. ఆస్ట్రిచ్‌కి పెట్టు, అప్పుడు ఒప్పుకుంటా."

"ఈమూ అనే గదా బావా అన్నావు" అన్నాడు నాయన.

"ఒకటి పెట్టినామెకు ఇంకొకటి కష్టమా బావా."

మళ్ళీ గిన్నె నింపించుకున్నాను. పక్క కంచె దగ్గరికి పోయాను.

నిప్పుకోడి వేరు. ఈమూ ఎదురుగా వస్తుంది, ఇది పైనుంచి వస్తుంది. కంచె నా భుజం దాకా ఉంటే దాని తల నా తలకు చాలా పైన ఉంది. కళ్ళు పెద్దవి, పొడుగు రెప్పవెంట్రుకలు. ఆ కళ్ళు చూస్తే చాలా మంచిదనిపిస్తుంది. ముక్కు మాత్రం ఇనుప గరిటెతో కొట్టినట్టు పడింది. మొదటి దెబ్బకు అరచేయి మంట పుట్టింది. రెండో దెబ్బకు సగం నూక గాల్లోకి లేచింది. మిగిలిన సగం అది తినేదాకా చెయ్యి తీయలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి ఉండొచ్చు. మిరపకాయలు దంచినా తిరుగుతాయి. దాన్ని ఏడవడం అనరు.

"ఈ పాప అరవలా" అంది గిన్నెలిచ్చే ఆమె. మెచ్చుకున్నట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు అంది.

"అదే నా భయం" అన్నాడు మామ వెంటనే. "అరవాల్సిన చోట కూడా అరవదు. రేపు అక్కడ ఎవరైనా ఏదైనా చేస్తే? ఇట్టానే చెయ్యి చాపుకుని నిలబడతది."

అరిస్తే పిరికిదాన్ని అయ్యేదాన్ని. అరవలేదు కాబట్టి ఇది. ఎర్రబడిన అరచేతిని చున్నీలో దాచుకుని నిలబడ్డాను. అమ్మ మామ వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తోంది.

మామకు ఇప్పుడు ఉత్సాహం వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. నా మీద ప్రేమ లేనివాడూ కాదు. కానీ బల్ల మీద కూర్చుని ఎదురుగా ఒకరిని నిలబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేయడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఎదుటివాళ్ళు జవాబు చెబితే ఆ అలవాటు ఆగదు, ఇంకో ప్రశ్న వస్తుంది.

"ఇదే ఆఖరు. ఇంక అడగను" అన్నాడు. "అదిగో, ఆ చెట్టు కింద వాళ్ళు కూచోని ఉండారు చూడు. వాళ్ళ దగ్గరికి పోయి, మనందరికీ కలిపి ఒక ఫొటో తీయమని అడిగిరా. ఒక్క మాట. అది చేస్తే రేపు నేనే కారులో తిరుపతి తీసుకుపోయి, హాస్టల్లో దింపి, మీ మేడమ్‌లకు చెప్పి వస్తా."

"పో పాపా. ఒక్క మాటే గదా" అంది అమ్మ. బతిమాలుతున్నట్టు అంది.

చెట్టు కింద ఒక కుటుంబం చాప వేసుకుని పులిహోర తింటోంది. భార్యాభర్తలు, ఒక ముసలాయన. మంచివాళ్ళలాగే ఉన్నారు. అడిగితే కాదనరు. నేను నడిచాను. 'అన్నా, మాకు ఒక ఫొటో తీస్తారా' అనే మాటను నోట్లో కూర్చుకున్నాను. అది బాగానే కూర్చుంది. మామ ఇక్కడ నాకు ధైర్యం చాలలేదని చెబుతాడు. కాదు. ఆ రోజు నేను ఆ మాట అనగలిగి ఉండేదాన్నని ఇప్పటికీ నాకు నమ్మకం.

సగం దారిలో ఒకసారి వెనక్కి చూశాను. అమ్మ, అత్త, మామ బల్ల అంచుకు జరిగి నన్నే చూస్తున్నారు. అత్త ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది. కంచె దగ్గర మేత పట్టుకుని నిలబడినవాళ్ళ ముఖాలు ఎలా ఉన్నాయో అవీ అలాగే ఉన్నాయి. ఏదో ఒకటి జరుగుతుంది, నవ్వుకోవచ్చు అని చూసే ముఖాలు. ఇప్పుడు ఫొటో అడిగితే, వాళ్ళు తీస్తారు. తర్వాత మామ దగ్గర నుంచి ఇంకొకటి వస్తుంది. సోమవారం సాయంత్రం దాకా ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉంటుంది. ఒకవేళ రాకపోయినా, ఆయన నిజంగానే పంపించినా, నేను ఒక ఫొటో అడిగినందుకు పోయినదాన్ని అవుతాను. పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు నాది. దానికి ఇంకో పరీక్ష ఎందుకు రాయాలి?

వెనక్కి వచ్చాను.

"ఏమైంది?" అన్నాడు మామ.

"అడగను మామా."

"ఏం, సిగ్గా?"

"సిగ్గే."

"మరి అక్కడెట్టా బతుకుతావు?"

"సిగ్గుతోనే."

నా గొంతు చిన్నది. పక్కనే ఉయ్యాలలు కిర్రుమంటున్నాయి. అత్తకు వినబడలేదు. "ఏమంటా ఉండాది?" అంది.

"సిగ్గుతోనే బతుకుతాదంట" అంది అవ్వ గట్టిగా. అవ్వ నా పక్షం తీసుకోలేదు, కొడుకు పక్షమూ తీసుకోలేదు. వినబడనివాళ్ళకు వినబడేట్టు చెప్పింది, అంతే.

"మాట్లాడేది వచ్చినాక పోదామంటే సీటు ఉండదు మామా. నాకు ఎప్పటికి వస్తాదో నాకే తెలీదు. రాకపోవచ్చు కూడా. రేపు పొద్దున పోతా ఉండా."

"రేపు పొద్దున పోతా ఉండాదంట" అంది అవ్వ.

"వినబడిందిలేమ్మా" అన్నాడు మామ. ఆయన ముఖంలో తమాషా పోయింది. "ఎవరు పంపిస్తే పోతావు?"

"నాయన బస్సు ఎక్కిస్తే నాయన. లేకపోతే నేనే ఎక్కుతా."

"అయితే వారం నుంచి నన్నెందుకు అడిగినట్టు?"

"అడిగింది అమ్మ. నేను అడగలా."

ఆ మాట నిజం. కానీ అది మామ కంటే అమ్మకు ఎక్కువ తగిలింది. ఆమె తల దించుకుని అన్నం గిన్నె మూత తీయడం మొదలుపెట్టింది. అది చూశాక కూడా నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను. అమ్మను నొప్పించకుండా అదే సంగతి చెప్పే దారి ఉంటే బాగుండేది. నాకు దొరకలేదు.

మామ లేచి కారు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అత్త ఆయనకు ఆకులో పెట్టిన అన్నం తీసుకుపోయింది. "తినండి. కోపం కోడికూర మీద చూపించబాకండి" అనడం వినబడింది. ఆయన తినలేదు. అక్కడి నుంచే అందరికీ వినబడేట్టు అన్నాడు. "బావా, ఇంక మీ ఇంటి విషయాల్లో నేను ఏదీ చెప్పను. నన్ను ఏదీ అడగబాకండి. మీ ఇష్టం."

బయటివాళ్ళకు అది మామూలు మాట. మా ఇళ్ళల్లో అది చాలా పెద్దది. అమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. నాయన ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చున్నాడు. నేను తిన్నాను. ఎర్రబడిన చేత్తోనే తిన్నాను, కూర కారం చురుక్కుమంటున్నా. తినకపోతే తప్పు చేసినట్టు అవుతుందనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు నేను కారు ఎక్కలేదు. నాయన బైకు వెనక కూర్చున్నాను. కారు ఎక్కమని ఎవరూ అనలేదు కూడా. జామాయిల్ తోట దాటి రోడ్డెక్కి చాలా దూరం వచ్చాం. ఒకచోట గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే నాయన బండి ఆపాడు.

"బావ మాట తీసేసినావు" అన్నాడు ముందుకే చూస్తూ.

నేను చున్నీ తల మీదికి లాక్కున్నాను.

"ఆ చెప్పేదేదో ముందే నాతో చెప్పుండొచ్చు గదా."

"చెప్తే నువ్వు ఏమంటావు నాయనా? బావతో ఒక మాట వేసుకుందాం అంటావు."

గొర్రెలు పోతూనే ఉన్నాయి. "అవును, అంటా" అన్నాడు. తర్వాత, "మొదటి బస్సుకు ఆత్మకూరు పోతే, నెల్లూరులో మారి, మధ్యాహ్నం దాటేసరికి తిరుపతిలో ఉండొచ్చు. నేనూ వస్తా" అన్నాడు. గొర్రెలవాడు చివరి గొర్రెను అదిలించగానే బండి స్టార్టు చేశాడు.

సాయంత్రం అమ్మ నా బట్టలు సర్దింది. బట్టలతో పాటు అన్నీ సర్దింది. దుప్పటి, నిమ్మకాయ ఊరగాయ, కాళ్ళకు రాసుకునే మందు, అక్కరలేనివి కూడా. చివరికి సంచి జిప్పు వేసి దాని మీదే కూర్చుంది. "రేపు ఎవరికైనా ఒళ్ళు బాగాలేకపోతే, ఏదైనా జరిగితే, ఎవరిని అడగాల మనం?" అంది.

అమ్మ అన్నది కోపంతో కాదు. ఇన్నేళ్ళు ఒక గోడకు ఆనుకుని నిలబడిన మనిషి ఆమె. ఆ గోడను నేను ఒక్క మధ్యాహ్నంలో తీసేశాను. మామ తర్వాత మాతో మాట్లాడాడు, ఇళ్ళకు రాకపోకలూ మొదలయ్యాయి. ఆయన చెప్పే కథలో ఇప్పుడు నవ్వు కూడా ఉంది. కానీ కిందటి ఏడాది చేలో బోరు ఎక్కడ వేయాలో నాయన ఎవరినీ అడగలేదు. వేసిన చోట నీళ్ళు పడలేదు. అందుకు కూడా నన్నే అంటారు. అననీ.

మర్నాడు పోయాం. సంగం దగ్గర బస్సు చాలాసేపు ఆగింది, నెల్లూరులో ఎండ, తిరుపతి బస్సులో నాయన నిలబడే వచ్చాడు. యూనివర్సిటీలో చేరికల గది బయట ఆయన చెట్టు కింద ఆగిపోయాడు. ఆఫీసులంటే ఆయనకూ భయమే. "నువ్వు పోయిరా" అన్నాడు.

లోపల కిటికీ ముందు వరుస ఉంది. నా ముందువాళ్ళు గట్టిగా, చకచకా మాట్లాడి పోయారు. నా వంతు వచ్చింది. కిటికీ అవతల ఒక పెద్దాయన కాగితాల్లో తల పెట్టుకుని ఉన్నాడు. నా పేరు, కోర్సు చెప్పాను.

"గట్టిగా చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను.

"వినబడలేదు. గట్టిగా."

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. నేను గొంతు పెంచలేదు. పెంచలేకపోయాను అని కూడా రాయవచ్చు, రెండూ నిజమే. వరుసలోంచి పక్కకు మాత్రం జరగలేదు. అదే గొంతుతో ఇంకోసారి చెప్పాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. కుర్చీలోంచి లేచి, తల మీద గరగరమంటూ తిరుగుతున్న ఫ్యాను స్విచ్చు ఆపాడు. వచ్చి కూర్చుని, కిటికీ దగ్గరికి ముందుకు వంగి, చెవి ఇటు పెట్టాడు.

"ఊ, ఇప్పుడు చెప్పు" అన్నాడు.

చెప్పాను.